పాయింట్ గార్డు పని అచ్చంగా లస్కరు పనే

కాలువకి నీళ్లొదిలిన రోజుల్లో గట్టు మీద సైకిలేసుకుని తిరిగే లస్కరుని డెల్టాలో చూడనివాళ్లుండరు. ఏ తూము ఎంతసేపు తెరవాలి, శివారు చేలకి నీరందిందా లేదా, ఇదే ఆయన ధ్యాస. ఆయన నాట్లెయ్యడు, కోత కొయ్యడు. కానీ ఆయన లెక్క తప్పితే శివారు ఎండుతుంది, పల్లపు చేను మునుగుతుంది. బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డు పనీ ఇదే. బాల్ ఐదుగురిలో ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ అందాలో చూసేవాడు. డ్రిబ్లింగ్, అంటే బాల్‌ని నేలకి కొడుతూ నడిపించడం, అతనికి సైకిలు లాంటిది. సైకిలు రాకపోతే ఉద్యోగం కుదరదు, నిజమే. సైకిలు బాగా తొక్కుతాడని మాత్రం ఎవర్నీ లస్కరుగా పెట్టుకోరు.

ఈ తేడా తెలియకే చాలామంది పిల్లలు ఫోన్‌లో చూసిన క్రాసోవర్ల (చెయ్యి మార్చి ఎదటివాణ్ని బోల్తా కొట్టించే డ్రిబుల్) మీద మూడేళ్లు పోస్తారు. తీరా జిల్లా సెలెక్షన్లలో పది నిమిషాలాడగానే పక్కకి నిలబడాల్సొస్తుంది.

ఎత్తు సంగతి ముందే తేల్చుకుందాం. మగ్సీ బోగ్స్ 160 సెంటీమీటర్ల మనిషి, అమెరికా లీగు ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. అక్కడ అసిస్టుల్లో (బుట్ట పడేలా ఇచ్చిన పాసుల్లో) అందరికన్నా పైనున్న జాన్ స్టాక్టన్ (15,806) ఎత్తు 185 సెంటీమీటర్లు. అలాగని ఎత్తుతో పనిలేదనుకోవద్దు. ఎత్తు తక్కువైతే ఆ బాకీ ఇంకోచోట తీర్చాలి. ఫుల్ కోర్టు పొడుగునా అవతలి గార్డుకి ఊపిరాడనివ్వని డిఫెన్స్ ఒక్కటే పొట్టి గార్డుని టీమ్‌లో నిలబెడుతుంది. మన ఊళ్లలో బాస్కెట్ కన్నా కబడ్డీ, వాలీబాల్ ఎక్కువ కదా, కబడ్డీ ఆడిన పిల్లలకి ఇక్కడ ఒక లాభముంది. నడుం దించి, కాళ్లు దాటెయ్యకుండా పక్కకి జరగడం వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ముందు గ్రౌండు కొలవండి

తప్పుడు రింగు మీద వెయ్యి షాట్లు వేస్తే తప్పు వెయ్యిసార్లు గట్టిపడుతుంది. మనది ఒండ్రు నల్లమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దాంతో సిమెంటు పలక ఒకవైపు దిగుతుంది, స్తంభం వాలుతుంది. ఏడాదికి రెండుసార్లు, వానాకాలం అయ్యాక ఒకసారి, ఎండాకాలం చివర ఒకసారి టేపు పెట్టి చూసుకోండి. రింగు పై అంచు నేల నుంచి 3.05 మీటర్లు, అంటే పదడుగులు ఉండాలి. ముందు, ఎడమ, కుడి మూడుచోట్లా కొలవండి. తాపీమేస్త్రి లెవెల్ ట్యూబు దొరికితే ఇంకా మంచిది.

ఫ్రీ త్రో (ఫౌల్‌కి దక్కే ఉచిత షాట్) గీతకి బోర్డు ముఖం నుంచి తూకం గుండు వదలండి. అది నేలకి తగిలినచోటు నుంచి 4.60 మీటర్లు. త్రీ పాయింట్ గీతకి రింగు మధ్య నుంచి గుండు వదిలి, అక్కడ మేకు పెట్టి 6.75 మీటర్ల తాడు తిప్పి ముగ్గుపిండితో గియ్యండి. మూలల్లో మాత్రం వంపు ఉండదు, సైడ్ లైన్ నుంచి 0.90 మీటర్ల దూరంలో నిలువు గీత వస్తుంది. పాత గ్రౌండు గుర్తుపట్టడం తేలిక. రింగు కింద రంగేసిన గడి ఎండ్ లైన్ వైపుకి వెడల్పవుతూ పోతే అది 2010కి ముందు కొలత. అలాంటిచోట త్రీ పాయింట్ గీత కూడా పాత 6.25 మీటర్లదే అయ్యుంటుంది. దాని మీద అలవాటైన చెయ్యి రాష్ట్ర పోటీల్లో అరమీటరు తక్కువ వేసి బాల్‌ని రింగు ముందరంచుకి కొడుతుంది.

బాల్ మగపిల్లలకి 7వ సైజు, ఆడపిల్లలకి 6, పన్నెండేళ్లలోపు వాళ్లకి 5. సిమెంటు మీద రబ్బరు బాలే వాడండి. కాంపోజిట్ (కృత్రిమ తోలు) బాల్‌ని మ్యాచ్ వారానికి దాచుకోండి, గరుకు నేల దాని పైపొరని గీసేస్తుంది. 1.80 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మీటరు పైచిలుకు లేవాలి. పొద్దున గాలి సరిపెట్టిన బాల్ మధ్యాహ్నం ఎండలో బిగుసుకుని ఎక్కువ ఎగురుతుంది, అందుకని ఆడబోయే వేళకే చూసుకోవాలి.

తలలో గడియారం

మన దగ్గర చాలా గ్రౌండ్లలో షాట్‌కిచ్చే 24 సెకన్ల గడియారం ఆటగాడికి కనబడేలా ఉండదు. టేబుల్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకున్నాయన చెబితేనే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకని గడియారం తలలోనే ఉండాలి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కళ్లు మూసుకోండి. 8 సెకన్లయ్యాయనిపించగానే ఆపండి. తేడా చూసుకోండి. తర్వాత 14, తర్వాత 24. ఒక్కోటి పదిసార్లు. 8 దగ్గర తేడా అర సెకనులోపుకి వచ్చేదాకా రోజూ చెయ్యాల్సిందే. దీనికి గ్రౌండు అక్కర్లేదు, అమలాపురం నుంచి రావులపాలెం వెళ్లే బస్సు చాలు. కొన్నాళ్లయ్యాక అదే లెక్క డ్రిబుల్ చేస్తూ, పక్కన ఒకరు మాట్లాడిస్తుండగా చెయ్యండి. మొదటిరోజు లెక్క దారుణంగా తప్పుతుంది. మ్యాచ్‌లో జరిగేదీ అదే.

ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) నిబంధనల్లో పాయింట్ గార్డు మోసే అంకెలు ఇవి: హాఫ్ లైన్ దాటడానికి 8 సెకన్లు, షాట్‌కి 24, మన షాట్ రింగుకి తగిలి మళ్లీ మనకే దొరికితే 14, బయట నుంచి బాల్ లోపలికి వెయ్యడానికి 5, రింగు కింద గడిలో మనవాడు నిలబడగలిగేది 3.

ఇప్పుడు ఒక్క దాడిని దగ్గరగా చూద్దాం. అవతలివాళ్ల షాట్ తప్పింది, మన సెంటర్ (రింగు దగ్గరాడే పొడుగాయన) రీబౌండ్ పట్టాడు. మీరు బాల్ కోసం రింగు కిందకి పరిగెత్తకండి. సైడ్ లైన్ దగ్గర, ఫ్రీ త్రో గీతకి సాటిగా, వీపు గీత వైపు పెట్టి నిలబడండి. అలా నిలబడితే సెంటరూ కనపడతాడు, ఎదర కోర్టంతా కనపడుతుంది. బాల్ చేతికి రాకముందే ఒకసారి ముందుకి చూసెయ్యాలి. మనవాడెవడైనా ఎదర ఖాళీగా పరిగెడుతుంటే డ్రిబుల్ వద్దు, పాస్ ఇచ్చెయ్యండి. ఎంత వేగంగా పరిగెత్తినా బాల్ గాలిలో పోయినంత వేగంగా మనిషి పోలేడు.

ఎవరూ లేరు, డ్రిబుల్‌తోనే వెళ్తున్నారనుకోండి. అయిదో సెకనుకల్లా హాఫ్ లైన్ దాటాలి, అదీ కోర్టు నడిమధ్య నుంచి. హాఫ్ లైన్, సైడ్ లైన్ కలిసే మూల ఉంది చూశారూ, అది చేపల మావు లాంటిది, లోపలికి పోవడమే గానీ బయటికి రావడం ఉండదు. వెనక్కి పోతే బ్యాక్‌కోర్టు తప్పు, పక్కకి పోతే అవుట్, ఎదర ఇద్దరు ట్రాప్ వేస్తారు. డిఫెన్స్ మిమ్మల్ని అటే తోస్తుంది.

దాటాక, 24 నుంచి కిందకి దిగే గడియారం 17 దగ్గర ఉంటే వేలెత్తో, పేరు పిలిచో ఆట చెప్పండి. మొదటి కదలిక 14 కల్లా మొదలవ్వాలి. 10 దాకా ఏమీ తెరుచుకోకపోతే బాల్ రెండో వైపుకి మార్చండి. అటే చూస్తున్న డిఫెన్స్ ఇటు తిరిగేలోపు దారి దొరుకుతుంది. 7 కూడా వచ్చేసిందంటే ఇంక ఆట కట్టిపెట్టి సెంటర్‌ని స్క్రీన్‌కి (మీ డిఫెండర్‌కి అడ్డంగా నిలబడటానికి) పిలవండి. కొత్త గార్డు ఇక్కడే తప్పు చేస్తాడు. 4 సెకన్లుండగా బాల్ వదిలించుకుందామని మూలనున్నవాడికి పారేస్తాడు. ఆ కుర్రాడు చచ్చు షాట్ వేస్తాడు, తిట్లు వాడికి పడతాయి. బాల్ ఇచ్చేవాడు దాంతోపాటు టైమూ ఇవ్వాలి.

క్వార్టర్ చివర ఇంకో లెక్క ఉంది. 40 సెకన్లు మిగిలుండగా బాల్ మీదైతే 35, 33 ప్రాంతంలోనే షాట్ పడేలా చూడండి. అవతలివాళ్లు 24 సెకన్లూ వాడుకున్నా చివరి దాడికి మీకు 8, 9 సెకన్లు మిగులుతాయి. అదే మీరు 25 దాకా నానిస్తే చివరి షాట్ వాళ్లదే. అయితే తొందరలో చెత్త షాట్ వేసి ఇది గొప్ప తెలివనుకోవద్దు. మంచి షాట్ దొరికితేనే.

ఫౌళ్లు కూడా మీ ఖాతాలోనే. క్వార్టర్లో ఒక టీమ్ నాలుగు ఫౌళ్లు చేశాక అయిదో దాని నుంచి రెండేసి ఫ్రీ త్రోలు. వాళ్లవి నాలుగయ్యాయంటే బయట నుంచి షాట్లు మాని లోపలికి దూరాలి. మన సెంటర్‌కి నాలుగు వ్యక్తిగత ఫౌళ్లుంటే, అయిదో దానితో బయటికే కాబట్టి, డిఫెన్స్‌లో అతని మీదకి ఆట రాకుండా మీరు ముందే ఆపాలి. ఇంకోటి, టీవీలో ఎన్‌బీఏ చూసి టైమవుట్ కోసం రిఫరీకి చేతులు చూపిస్తుంటారు పిల్లలు. ఫిబా ఆటలో టైమవుట్ కోచ్ వైపు నుంచే అడగాలి, మొదటి సగంలో రెండు, రెండో సగంలో మూడు. మీరు చెయ్యగలిగింది బెంచీ వైపు చూడటమే.

చేతులకి రోజుకి ఇరవై అయిదు నిమిషాలు

ఎడమచేతికి కుడిచేతికన్నా రెట్టింపు సమయం. ఎదర ఒకరు నిలబడి వేళ్లు చూపిస్తుంటే అంకె పైకి చెబుతూ డ్రిబుల్ చెయ్యండి. తల దించితే అంకె తప్పుతుంది, అబద్ధమాడటానికి వీల్లేదు. అన్నిటికన్నా ముఖ్యం వెనకడుగు డ్రిబుల్: ట్రాప్ వస్తుంటే భుజం అడ్డుపెట్టి రెండడుగులు వెనక్కి జరిగి, చెయ్యి మార్చి మళ్లీ ముందుకి. చూడ్డానికి ఏమీ ఉండదు కాబట్టి దీన్నెవరూ వీడియో తియ్యరు. గార్డుకి అన్నం పెట్టేది మాత్రం ఇదే.

పాసులకి గోడ చాలు. మూడు మీటర్ల దూరంలో, ఛాతీ ఎత్తున బొగ్గుతో గుండ్రం గీసి డ్రిబుల్ మీంచే ఒంటిచేత్తో కొట్టండి, ఒక్కో చేత్తో యాభై. బాల్‌ని రెండు చేతుల్లోకి తీసుకుని ఇచ్చేసరికి డిఫెండర్ చెయ్యి అడ్డొచ్చేస్తుంది. బౌన్స్ పాస్ దూరంలో మూడింట రెండొంతుల దగ్గర నేలకి తగలాలి.

ఫ్రీ త్రోలు ఆయాసంలోనే వెయ్యాలి. ఎండ్ లైన్ నుంచి దగ్గర ఫ్రీ త్రో గీత, హాఫ్ లైన్, దూరపు ఫ్రీ త్రో గీత, అవతలి ఎండ్ లైన్, ప్రతిసారీ వెనక్కి వస్తూ పరిగెత్తండి. మొత్తం 140 మీటర్లు. అవ్వగానే రెండు ఫ్రీ త్రోలు, ఇలా ఆరుసార్లు. సిమెంటు మీద ఆరుకి మించొద్దు, మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది.

స్క్రీన్ దగ్గర చూడాల్సింది ఒక్క మనిషినే

పిక్ అండ్ రోల్‌లో, అంటే మనవాడు స్క్రీన్ పెట్టి రింగు వైపు దొర్లే ఆటలో, మీ డిఫెండర్ని చూడకండి, వాడు ఎటు వస్తున్నాడో ఒంటికే తెలుస్తుంది. కళ్లు స్క్రీన్ పెట్టినవాడి డిఫెండర్ మీద ఉండాలి. ఆ పొడుగాయన రింగు వైపు వెనక్కి తగ్గి నిలబడితే ఫ్రీ త్రో గీత దగ్గర మీకు చోటుంది, ఆగి షాట్ వెయ్యండి. బయటికి దూకి అడ్డొస్తే వెనకడుగు డ్రిబుల్ రెండు, వాడు ఇంకా దూరం లాగబడతాడు, అప్పుడు లోపలికి దొర్లిన మనవాడికి పాస్. డిఫెండర్లిద్దరూ మనుషుల్ని మార్చుకుంటే తొందరపడకండి. బాల్ పక్కవాడికిచ్చి, అక్కణ్ణుంచి మన సెంటర్‌కి పొట్టివాడి మీదుగా అందేలా చూడండి. మీ డిఫెండర్ స్క్రీన్ కింద నుంచి, అంటే రింగు వైపుగా, దూరితే అక్కడే త్రీ పాయింట్. అది పడదని అవతలివాళ్లకి తెలిస్తే జీవితాంతం కింద నుంచే దూరుతారు. షాట్ రాని గార్డు బండి ఆగేది ఇక్కడే.

ఇంకో సూక్ష్మం: స్క్రీన్ పూర్తిగా నిలబడకముందే మీరు కదిలితే కదిలే స్క్రీన్ ఫౌల్ మీ సెంటర్ మీద పడుతుంది, తప్పు మీదైనా సరే. మీ భుజం అతని తుంటిని రాసుకుంటూ పోవాలి. మధ్యలో మనిషి దూరేంత సందుంటే స్క్రీన్ పెట్టించుకున్నదే దండగ.

ప్రతి మ్యాచ్ తర్వాత ఒక నోటుబుక్కులో అసిస్టులు, టర్నోవర్లు (అవతలివాళ్లకి పోగొట్టిన బాల్) రాయండి. ఒక టర్నోవర్‌కి రెండు అసిస్టులుంటే పర్వాలేదు, మూడుంటే బాగున్నట్టు. అంకె ఒక్కటే రాస్తే లాభం లేదు, కారణం కూడా రాయాలి. నెల తిరిగేసరికి చాలామందికి ఒకే కారణం తేలుతుంది, కోర్టు ఇటునుంచి అటు తేలేసిన పాస్. గాల్లో ఎక్కువసేపు ఉన్న బాల్‌ని ఎవడైనా పట్టుకుంటాడు.

ఉక్క, మంచు, చీలమండ

రోహిణి కార్తెలో పొద్దున అయిదున్నర నుంచి ఏడున్నర, సాయంత్రం అయిదు తర్వాత. మధ్యలో వద్దు. మన ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆటకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకీ లీటరు నుంచి లీటరున్నర తాగాలి. ఉప్పేసిన మజ్జిగ బ్రహ్మాండం. ఓఆర్‌ఎస్ అయితే ప్యాకెట్ మీద చెప్పినంత నీళ్లలో కలపండి, చిక్కగా ఉంటే బలమనుకోకండి. పొద్దున్నే పెసరట్టు, రెండు గుడ్లు, అయ్యాక ఒక చక్కెరకేళి. దీనికి మించి డబ్బాల పొడులు కొనక్కర్లేదు.

ధనుర్మాసంలో మంచు కురిసి సిమెంటు మీద పలచటి తడి ఉంటుంది, కంటికి కనపడదు. ఎండ తగిలేదాకా ఆగండి, లేదా గోనెపట్టాతో తుడవండి. వానాకాలం పాచి పడితే బ్లీచింగ్ పౌడర్ చల్లి గట్టి చీపురుతో రుద్ది కడగాలి. బూట్లు తడిస్తే ఎండలో పెట్టకండి, జిగురు ఊడుతుంది. లోపల పేపరు కుక్కి ఫ్యాను కింద పెట్టండి.

గార్డుకి మొదట పోయేది చీలమండ. బెణికినప్పుడు నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయినా, చీలమండ ఎముక వెనకంచు నొక్కితే నొప్పున్నా ఎక్స్‌రే తీయించాల్సిందే. లేకపోతే ఐసు గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు, రోజుకి నాలుగైదుసార్లు, క్రేప్ బ్యాండేజీ, కాలు ఎత్తున. మొదటి రెండ్రోజులు నూనె రాసి తోమించడం, లాగించడం వద్దు, వాపు పెరుగుతుంది. నొప్పి పోయిందని గ్రౌండుకి వెళ్లకూడదు. ఆ ఒంటికాలి మీద పదిసార్లు గెంతగలిగి, ఎనిమిది అంకె ఆకారంలో పరిగెత్తగలిగినప్పుడే వెళ్లాలి. ఎన్‌బీఏ గార్డు స్టీఫెన్ కర్రీకే 2011లోనూ 2012లోనూ చీలమండకి ఆపరేషన్లయ్యాయి. ఆ తర్వాతే 2015-16 సీజన్లో 402 త్రీ పాయింట్లు వేశాడు.

సెలెక్షన్లు, కాగితాలు, జీతం

స్కూల్ గేమ్స్ అండర్-14, 17, 19. బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ వైపు సబ్ జూనియర్, యూత్, జూనియర్, ఆపైన సీనియర్. రెండు దారులూ వేరు, రెండిట్లోనూ ఆడాలి. సెలెక్షన్ రోజు మీతోపాటు ఆడే నలుగురూ కొత్తవాళ్లే. ముందే పేర్లడిగి, ఎవరికి ఏ వైపు షాట్ ఇష్టమో తెలుసుకోండి. ఆటలో పేరెట్టి పిలవండి. సెలెక్టర్లు పదిమంది డ్రిబ్లర్లని చూసి విసిగిపోయి ఉంటారు, నోరు తెరిచి మాట్లాడే గార్డు ఒక్కడే కనపడతాడు. రాష్ట్రం దాటాక క్యాంపుల్లో నడిచేది హిందీ, ఇంగ్లిషు. "స్విచ్", "హెల్ప్", "స్క్రీన్ లెఫ్ట్" లాంటి పది మాటలు గట్టిగా అరవడం ఇక్కడే నేర్చుకోండి. మొహమాటపడే పాయింట్ గార్డుని ఎవరూ పెట్టుకోరు.

జీతం మాట నేరుగా చెప్పుకోవాలి. మన దేశంలో ఏడాది పొడుగునా నడిచి ఇల్లు గడిపే లీగుంటుందని నమ్మి ఎవరూ లెక్కలు వేసుకోలేరు. 2015లో మొదలైన యూబీఏ లీగు 2017 తర్వాత జరగలేదు. ఐఎన్‌బీఎల్ అనే ఇంకో లీగు 2022లో వచ్చింది. నిలకడైన కూడు రైల్వే, సర్వీసెస్ (సైన్యం), బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్, పోలీసు టీముల్లోని ఉద్యోగమే. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ టీమ్‌తో ఒప్పందం చేసుకుని, 2020లో అర్జున అవార్డు అందుకున్న గార్డు విశేష్ భృగువంశీ కూడా ఓఎన్‌జీసీ ఉద్యోగే.

ఆ ఉద్యోగానికి కావలసింది కప్పులు కాదు, ఆ పోటీ ఆడారని ధ్రువీకరించే ఫారాలు. కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో స్పోర్ట్స్ కోటాకి రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం 2, అంతర విశ్వవిద్యాలయ పోటీలకి ఫారం 3, జాతీయ స్కూల్ గేమ్స్‌కి ఫారం 4. దేశానికి ఆడితే ఫారం 1. టోర్నీ నుంచి ఊరొచ్చాక నెలలోపు సంతకం పెట్టించుకోండి. సంఘంలో కార్యదర్శి మారాక పాత టోర్నీ ఫారం కోసం తిరగడం నరకం. జనన ధ్రువపత్రం, టెన్త్ మెమో, ఆధార్ మూడిట్లోనూ పుట్టినతేదీ, ఇంటిపేరు అక్షరాలతో సహా ఒకటే ఉండాలి. ఏడాది తగ్గించి రాయించుకున్నవాళ్లు చివరికి పట్టుబడేది ఇక్కడే. ఒరిజినళ్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి, వరదలు మనకి తెలియనివి కావు.

లీగు ఒప్పందం వస్తే మూడు చూడండి: గాయమైతే డబ్బు ఇస్తారా, వాయిదాలు ఏ తేదీల్లో, వైద్యం ఖర్చు ఎవరిది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లి ఆడాలంటే పాత దేశపు ఫెడరేషన్ నుంచి క్లియరెన్స్ లేఖ ఉండాలి. విదేశీ టీమ్ ఇప్పిస్తానని ముందే డిపాజిట్ అడిగేవాడు ఏజెంటు కాదు.

ముప్ఫై దాటాక కాళ్లు నెమ్మదిస్తాయి. స్టాక్టన్ 41 ఏళ్లదాకా ఆడాడు. ఇంకో ఎన్‌బీఏ గార్డు జేసన్ కిడ్ మొదట్లో షాట్ రానివాడని పేరు పడి, 2013లో రిటైరయ్యేసరికి 1,988 త్రీ పాయింట్లు వేసి ఉన్నాడు. కాబట్టి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదిలోనే నిలబడి వేసే మూల షాట్‌కి రోజుకి వంద పడేదాకా పెట్టండి, వేసినవి కాదు, పడినవి లెక్క. పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమాకో, వ్యాయామవిద్య డిగ్రీ బీపీఈడీకో, రిఫరీ పరీక్షకో అప్లికేషన్ కూడా ఇంకా ఆడుతుండగానే పెట్టుకోండి. ఉద్యోగంలో సెలవు మంజూరవ్వాలంటే ముందే అడగాల్సుంటుంది, పైగా టీమ్‌లో ఉన్న ఆటగాడికి ఆ సంతకం త్వరగా పడుతుంది.